చింతగింజంత ఉక్కు

ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషికి రెండు రకాల స్నేహితులు కొత్తగా దొరుకుతారు. ఒకరు డాక్టర్లు, రెండోవారు రిపేర్లు చేసేవాళ్ళు. డాక్టర్ల సంగతి పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. యీ కథంతా రెండోవారిది.

విశాఖపట్నం రేవు పక్కన ఒక పెద్ద కార్ఖానాలో స్టోర్సు గుమాస్తాగా చేరి, ముప్ఫయి నాలుగేళ్ళ తరవాత స్టోర్సు ఆఫీసరుగా దిగిపోయాను. మరమేకు మొదలు మోటారు దాకా ఏ వస్తువు ఏ అరలో వుందో చీకట్లో చెప్పగలిగినవాణ్ణి. అలాంటివాణ్ణి అక్కయ్యపాలెంలో ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తాను? వంటింట్లో డబ్బాలకు నంబర్లు వేయడం మొదలుపెట్టాను. మినప్పప్పు ఒకటో నంబరు, ఇంగువ పదిహేడు.

"ఏమండీ, మీరింక వంటింటి గడప తొక్కితే నేను మా తమ్ముడింటికి పోతాను" అన్నది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడే మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చాలించుకుని, భార్యా బిడ్డలతో బెంగుళూరు వచ్చి స్థిరపడ్డాడు. సామాన్లతోపాటు అక్కడ సరదాకి కొనుక్కున్న యంత్రం ఒకటి ఓడమీద తెచ్చాడు. బెంగుళూరు ఇంట్లో దానికి చోటు లేదు. "నాన్నగారూ, ఇది మీ దగ్గర వుంచండి" అని నాకు అప్పగించాడు. నాకు కాలక్షేపం కావాలని కోడలే యీ యెత్తు వేసిందని తరవాత తెలిసింది.

దాని పేరు స్క్రోల్ సా. మన మాటల్లో చెప్పాలంటే, నగిషీలు కోసే కరెంటు రంపం. కుట్టుమిషనులో సూది ఆడినట్టు దీంట్లో దారమంత సన్నని రంపపు పట్టీ కిందికీ మీదికీ ఆడుతూ వుంటుంది. చెక్కను బల్లమీద పెట్టి, గీసుకున్న గీత వెంట చేత్తో తిప్పుకుంటూ పోవాలి. పెద్ద రంపం తిన్నగా పోతుంది గాని మలుపు తిరగలేదు. ఇది గోరంత చోట్లో గిర్రున తిరుగుతుంది. ఇలాంటివి చవకరకాలూ వున్నాయి, ఖరీదైనవీ వున్నాయి. తేడా అదురులో తెలుస్తుంది. ఖరీదైన దాంట్లో రంపపు పట్టీ పైనొకటి, కిందొకటి రెండు చేతుల మధ్య బిగిసి వుంటుంది. ఆ చేతులు రెండూ సమానంగా లేస్తూ దిగుతూ వుంటే పట్టీ బిగువు తగ్గదు, బల్ల కదలదు. నడుస్తున్న మిషను బల్లమీద రూపాయి బిళ్ళను అంచుమీద నిలబెడితే పడలేదు. మా ఆవిడ కూడా వచ్చి చూసి, "పరవాలేదు" అన్నది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను ఎరగను.

అన్నట్టు, యీ సన్నకోత పని మన ఊరికి కొత్త కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్ళు కుంపినీ దొరల కోసం కుర్చీలకూ బీరువాలకూ దంతపు నగిషీలు తాపడం చేసేవారు. తరవాతి శతాబ్దంలో దంతంతోనూ, కొమ్ముతోనూ, ముళ్ళపంది ముళ్ళతోనూ చేసిన పెట్టెలు సీమకు వెళ్ళాయి. ఆ వస్తువులు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియంలో వున్నాయి. దంతం వర్తకం నేడు చట్టరీత్యా నేరం గనుక ఆ పని పోయింది. పోగా మిగిలిన ఊళ్ళో నాబోటివాడు టేకుముక్క పట్టుకుని కూర్చున్నాడు.

పోయిన వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. దానికి ఏడేళ్ళు. పుట్టింది జర్మనీలో. తెలుగు మాట్లాడుతుంది గాని, అక్షరం ముక్క రాదు. పలకమీద 'అ' రాసి చూపిస్తే, "తాతయ్యా, ఇది నత్తా?" అని అడిగింది. కోపం రావలసిన మాటే గాని, చూస్తే నిజంగా నత్తలాగే వుంది. నాకు వెంటనే ఆలోచన తట్టింది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, మెలికలు. ఇంగ్లీషు అక్షరాలైతే మామూలు రంపంతో కోసి పారేయవచ్చు. తెలుగు అక్షరం కోయడానికి స్క్రోల్ సా కంటే తగిన యంత్రం లేదు.

"యాభై ఆరు అక్షరాలూ చెక్కతో చేసి ఇస్తాను. చేత్తో పట్టుకుని నేర్చుకుందువు గాని" అని మాట యిచ్చాను.

అది రోజూ నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. నేను కోసిన అక్షరానికి అది గరుకుకాగితం పెట్టి రుద్దేది. రుద్దుతున్నంతసేపూ దాని పేరు పలకాలని షరతు. అచ్చులు అయిపోయాయి. క, ఖ, గ, ఘ అయినాయి. 'ఠ' దగ్గర కొంచెం చిక్కు వచ్చింది. పొట్టలో చుక్క వుందే, చుట్టూ కోస్తే అది ఊడి చేతిలోకి వస్తుంది. సన్నని వారధిలాగా చెక్క వదిలి కోశాను. "చుక్కకి తాడు కట్టావా తాతయ్యా?" అన్నది. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళ మెప్పు ఎంతో పొందాను గాని, ఆ ప్రశ్న ముందు అవన్నీ దిగదుడుపే.

ఇక్కడ యంత్రం రహస్యం ఒకటి చెప్పాలి. అక్షరం లోపలి ఖాళీ కోయాలంటే ముందు చెక్కకు బెజ్జం వేయాలి. రంపపు పట్టీ పైకొసను బిగింపులోనుంచి విప్పి, బెజ్జంలోనుంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. కోత అయినాక మళ్ళీ విప్పాలి. ఒక్కొక్క అక్షరానికి రెండు మూడుసార్లు యీ తతంగం తప్పదు. అంటే, అంత పెద్ద యంత్రంలోనూ అన్నిటికంటే ఎక్కువ అరిగేది పైన వున్న ఆ బిగింపు. అది చింతగింజంత ఉక్కుముక్క, దానిలో ఒక మర.

హల్లుల్లో 'ద' కోస్తుండగా ఆ మర కాస్తా జారింది. ఎంత తిప్పినా పట్టదు. పట్టీ టంగుమని ఊడి వచ్చింది. పిల్ల ప్రయాణం ఇంకా పదకొండు రోజులు వుంది. అక్షరాలు ఇంకా చాలా మిగిలి వున్నాయి.

నాకేమీ దిగులు కలగలేదు. విడిభాగాలతోనే జీవితం గడిపినవాణ్ణి గదా! మన దేశంలో అలాంటి యంత్రాలు తెప్పించి అమ్మే ఏజెన్సీ ఒకటి ఉత్తరాదిన వుందని తెలుసుకుని ఫోను చేశాను. మొదటిరోజు ఒకటి నొక్కు, రెండు నొక్కు అని యంత్రం మాట్లాడింది. రెండోరోజు మనిషి మాట్లాడాడు.

"మీ యంత్రం నంబరు చెప్పండి."

చెప్పాను.

"యీ నంబరు మా రికార్డులో లేదు సార్. ఇది మేము అమ్మినది కాదు."

"అమ్మకపోతే పోనీ బాబూ, ఆ బిగింపు మీ దగ్గర వుంటే డబ్బిచ్చి కొనుక్కుంటాను."

"రికార్డులో లేనిదానికి పార్టు ఇవ్వలేము సార్. స్టాకు కూడా లేదు."

"అర తెరిచి ఒకసారి చూడరాదూ?"

"కంప్యూటరులో నిల్లు అని వుంది సార్" అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట విని చాలాసేపు ఫోను చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను. అతనిమీద కోపం రాలేదు. ఎందుకంటే ఆ మాట నాది.

చాలా ఏళ్ళ కిందట వర్షాకాలంలో ఒక రాత్రి, పంపుల దగ్గర పనిచేసే ఫిట్టరు ఒకాయన తడిసిపోతూ స్టోర్సుకు వచ్చాడు. ఒక బేరింగు కావాలన్నాడు. నేను కార్డు చూశాను. నిల్లు అని వుంది. "స్టాకు లేదు" అన్నాను. "బాబూ, అరలో ఒకసారి చూస్తారా?" అన్నాడు. "కార్డులో లేనిది అరలో ఎలా వుంటుందయ్యా?" అని కుర్చీలోనుంచి లేవలేదు. ఆయన నమస్కారం పెట్టి వానలోనే వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తరవాత లెక్కలు సరిచూస్తుంటే, అదే బేరింగు కొత్త నంబరు కింద నాలుగు కనిపించాయి. నా వెనక అరలోనే, చెయ్యి చాపితే అందే చోట. ఆ రాత్రి ఆయన పాతదానికే గ్రీజు పట్టించి, తెల్లవార్లూ పంపు పక్కన కాపలా కూర్చున్నాడట. సంగతి తెలిసి కూడా నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకు అసలే చెప్పలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "అయితే ఇన్నాళ్ళకు వడ్డీతో సహా ముట్టిందన్న మాట" అన్నది. కాసేపు ఆగి, "నా కుట్టుమిషను చూడండి. నలభై ఏళ్ళనుంచి కుడుతున్నాను. సూది విరిగినా, బాబిను పోయినా పూర్ణా మార్కెట్టుకు వెళితే పది నిమిషాల పని. మీ జర్మనీ దొరగారికి ఊళ్ళో చుట్టాలే లేకపోయిరి" అన్నది.

నిజమే అది. ఏ వస్తువైనా ఊళ్ళో చుట్టరికం కలుపుకుంటేనే నిలుస్తుంది. ఆ మాటకొస్తే యీ రంపానికి చుట్టాలు బొత్తిగా లేకపోలేదు. కురుపాం మార్కెట్టులో కంసాలి పనిముట్ల దుకాణంలో నగలు కోసే రంపపు పట్టీలు దొరుకుతాయి. అవి అయిదంగుళాల పొడవు. స్క్రోల్ సా పట్టీ పొడవు కూడా అయిదంగుళాలే. సాధారణంగా ఆ కొలత ఒకటే గనుక అవి దీనికి సరిపోతాయి. పళ్ళు మరీ సన్నం కావడంచేత చెక్కపొడి ఇరుక్కుని కోత నెమ్మదిగా సాగుతుంది, అంతే. కాని బిగింపు సంగతి అలా కాదు. అది ఏ కంపెనీకి ఆ కంపెనీదే.

ఆ రాత్రి మా అబ్బాయిచేత జర్మనీ కంపెనీకే ఉత్తరం రాయించాను. మర్నాటికల్లా జవాబు! యంత్రాన్ని ముక్కముక్కలుగా విప్పి చూపే బొమ్మ, ప్రతి ముక్కకూ నంబరు, మా బిగింపు దగ్గర ఎర్రసిరాతో గుర్తు. వస్తువు వుంది, వెంటనే పంపుతామన్నారు. పార్సెలు ఖర్చు మాత్రం వస్తువు ధరకు రెండింతలు. ఆపైన సుంకం. పైగా చేరడానికి మూడు వారాలు. రెండు ఆర్డరు చేయించాను గాని, పిల్ల ప్రయాణం మూడు వారాలు ఆగదు గదా!

ఆ బొమ్మ కాగితం, చిరిగిన బిగింపు జేబులో వేసుకుని గాజువాక బస్సెక్కాను. దోవ పొడుగునా ఒకటే ఆలోచన. యీ ఊళ్ళో ఉక్కు కార్ఖానా కోసం 1966లో ఉద్యమం నడిచింది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని ఊరూరా గోడలమీద రాశారు. 1992లో ఆ కార్ఖానాను జాతికి అంకితం చేశారు. కడ్డీలు, తీగచుట్టలు లారీలమీద వెళుతూ వుంటే రోజూ చూస్తూనే వున్నాం. అంత ఉక్కు పండే ఊళ్ళో చింతగింజంత ఉక్కుకోసం నేను బస్సులో తిరుగుతున్నాను!

ఆటోనగర్‌లో లేతుమిషను పెట్టుకున్న ఒకాయనకు చూపించాను. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటండి బాబూ ఇది? వాచీలోదా?"

సంగతంతా చెప్పాను, అక్షరాలతో సహా.

"మామూలు ఇనపముక్కతో సేస్తే వారానికి అరిగిపోద్ది" అని, మూలనున్న పాత లారీ కమాను పట్టీ తీశాడు. దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి పెట్టాడు. నెమ్మదిగా చల్లారితే మెత్తబడుతుందట. మెత్తబడ్డాక కోసి, ఆకురాయి పట్టి, బెజ్జం వేసి, లోపల మర తీయాలి. తరవాత మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. ఊరికే గట్టిపడితే పెళుసై విరుగుతుంది గనుక, ఇంకోసారి సన్నగా వేడిచేసి ఆ పెళుసు తీయాలి. "రేపు సాయంత్రం రండి" అన్నాడు. వెళితే ఒకటి కాదు, రెండు చేసి పెట్టాడు.

"రెండోది ఎందుకయ్యా?"

"ఒకటి పోయిందంటే రెండోది పోవడానికి ఎన్నాళ్ళు బాబూ? ఆ కాయితం ఓపాలి యిలా యివ్వండి. కొలతలు రాసుకుంటాను. ఇంకెవులైనా వస్తారేమో."

నూనె మరకల నోటుపుస్తకంలో బొమ్మ వేసుకుని, పక్కన "పిల్ల అక్షరాల మిషను" అని రాసుకున్నాడు. వేగం తగ్గించి హెచ్చించే కరెంటు కార్డు పాడైతే చేయగలవా అని అడిగాను. "అది మన వొల్ల కాదు బాబూ" అన్నాడు వెంటనే. అవుననీ కాదనీ నాన్చకుండా కాదని చెప్పడం కూడా సేవే. ఆ సంగతి నాకు అరవై దాటాక తెలిసింది.

ఆయన బిగింపు జర్మనీ ముక్కంత నున్నగా లేదు. కాని పట్టింది. పిల్ల రైలెక్కే ముందురోజు రాత్రి పదకొండు గంటలకు 'క్ష' పూర్తి చేశాం. అది నిద్ర కళ్ళతోనే దానికి గరుకుకాగితం పెట్టి రుద్దింది.

అది వెళ్ళిన మర్నాడు నేను కంచరపాలెం వెళ్ళి ఆ ఫిట్టరు ఇల్లు వెతుక్కున్నాను. ఎనభై దాటిన మనిషి, అరుగుమీద కూర్చుని వున్నాడు. బేరింగు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "నాకు గుర్తులేదండి" అని నవ్వి, లోపలికి కేకవేసి టీ తెప్పించాడు. ఆయనకు గుర్తులేదంటే నేను నమ్మలేదు. నమ్మినట్టు టీ తాగి వచ్చాను.

ఎవరైనా పెద్ద ఖరీదు పెట్టి యంత్రం కొంటుంటే ఇప్పుడు నేను ఒకటే ప్రశ్న అడుగుతాను: "దీంట్లో ముందు అరిగే ముక్క ఏది? అది యీ ఊళ్ళో ఎవరిస్తారు?" ఆ రెండో ప్రశ్నకు మనిషి పేరు జవాబుగా వస్తే కొనమంటాను.

జర్మనీ బిగింపులు నెలకు వచ్చాయి. నంబరు వేసి అగ్గిపెట్టెలో భద్రంగా పెట్టాను. మొన్న ఆదివారం బెంగుళూరు నుంచి ఫోను.

"తాతయ్యా! నా 'ఝ' కిందపడి తోక విరిగిపోయింది. నీ దగ్గర స్పేరు వుందా?"

అలమారులో ఏ అరలో ఏముందో నాకు తెలుసు. అయినా ఫోను పక్కన పెట్టి, లేచి వెళ్ళి, అర తెరిచి చూసి వచ్చాను.

"లేదమ్మా" అన్నాను. "కాని గీసిన కాగితం వుంది, చెక్క వుంది, రంపం వుంది. రేపు సాయంత్రానికి పోస్టులో వేస్తాను."

"ఒకటి కాదు తాతయ్యా, రెండు పంపు" అన్నది.