మెదడులో ఎర్రచుక్క

పేపర్లో మెదడు బొమ్మ, దానిమీద కుంకుమబొట్టంత ఎర్రచుక్క, కింద "రోగం ఇక్కడే" అన్న మాట. పాఠకులు చూసే ఉంటారు. మరో నెలకు అదే రోగానికి చుక్క ఇంకోచోట ఉంటుంది. స్కానింగు యంత్రం చూపేది ఆలోచనను కాదు, నెత్తుటిలో ప్రాణవాయువు హెచ్చుతగ్గులను. ఒక్కొక్క పరిశోధనలో తరచు ఇరవై ముప్ఫైమంది రోగులే ఉంటారు. అంత కొద్దిమందిలో చుక్కలు ఊరికే కూడా వెలుగుతాయి.

అందుకని పాత పరిశోధనలన్నీ పోగుచేసి, అందరి చుక్కలూ ఒకేచోట పడుతున్నాయా అని చూస్తారు. దీన్ని మెటా-అనాలిసిస్ అంటారు. పోగుచేయడంలోనే ఉంది తిరకాసు. తప్పిపోయిన దూడకోసం కొందరు ఊరంతా వెతికారు. కొందరు చెరువుగట్టు మాత్రమే చూసి, గిట్టల జాడ అక్కడే ఉందన్నారు. అందరి మాటా కలిపి లెక్కిస్తే చెరువుగట్టే గెలుస్తుంది. మెదడంతా వెతికినవాటినీ, ముందే ఎంచుకున్న భాగాన్ని మాత్రమే చూసినవాటినీ కలిపితే జరిగేదీ అదే. ఒకే రోగులమీద వచ్చిన మూడు వ్యాసాలను మూడుగా లెక్కపెట్టడం దొంగఓట్లు వేయించడమే గదా! ఏమీ కనబడని ఫలితాలేమో సొరుగుల్లోనే ఉండిపోతాయి. ఈ లెక్కలకు చాలామంది వాడే జింజర్ ఏ.ఎల్.ఇ. అనే ప్రోగ్రాములో తప్పులు దొర్లాయని 2017లో దాన్ని తయారుచేసినవారే ప్రకటించారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మా అక్కయ్యకు ఆరేళ్ళుగా డిప్రెషన్. ఈ చుక్కల గొడవ నాకు పట్టింది అందుకే. అదే 2017లో మ్యులర్ బృందం ఆ జబ్బుమీద వచ్చిన 57 పరిశోధనలను, వాటిలోని 99 ప్రయోగాలను, కట్టుదిట్టంగా కలిపి చూసింది. రోగులు వెయ్యిమందికి పైనే. చుక్క ఎక్కడా నిలవలేదు!

"అయితే రోగమే లేదంటారుటోయ్?" అన్నారు బావగారు.

"లేదనలేదండీ. ఫలానా చోట ఉందనడానికి ఆధారం చాలదన్నారు."

అక్కయ్య కాఫీగ్లాసు దించి, "ఈమాట మా అత్తగారి చెవిని వేయకురా. నా జబ్బే అబద్ధమంటారు" అంది.

2018లో మ్యులర్ మరికొందరితో కలిసి ఈ పనికి పది నియమాలు రాశారు. ప్రశ్నేమిటో, ఏ పరిశోధనలను తీసుకుంటారో ముందే రాసి నమోదు చేయాలి. కనీసం పదిహేడు ఇరవై ప్రయోగాలైనా ఉండాలి. వీటికితోడు నాకు మరీ సబబనిపించేది, చుక్కల స్థానాలు అచ్చువేసి ఊరుకోక మెదడు పటం మొత్తాన్ని ఇతరులకు అందజేయడం. వెలగని చోట్లు కూడా అప్పుడే లెక్కలోకి వస్తాయి. న్యూరోవాల్ట్ అనే భాండారం ఆ పటాలకు ఉచితంగా చోటిస్తోంది. పంపవలసింది పరిశోధకులే.