కోడి, పంది, కరెంటు తీగ

మక్క కంకులు పాలు పోసుకునే రోజుల్లో మంథని చుట్టుపక్కల రైతులకు ఒకటే ఫికర్: అడవి పందులు. ఒక్క రాత్రిలో చేను బర్బాద్ చేసి పోతాయి. అందుకని కొందరు చీకటి పడగానే చేను చుట్టూ ఉత్త తీగ లాగి లైనుకు తగిలిస్తారు. పక్క చేనులో అట్లాంటి తీగ ఉందని, రాత్రిపూట మోటరు వేయడానికి పోవాలంటే జాన్ పోతున్నట్టుందని మా ఖాలూ అన్నారు. "మనిషికి తగిలితే ఏం కేసైతది బేటా? వాని నియ్యత్ పందిని చంపాలనే గదా?"

ఇంగ్లండు ఖానూన్‌లో ఈ సవాల్‌కు జవాబు తొందరగా దొరుకుతుంది. కావాలని చేసిన పని జుర్మ్ అయి, అది ఎదుటివాళ్లకు దెబ్బ తగిలేంత ఖతర్‌నాక్‌ది అయి, దానివల్ల ప్రాణం పోతే చాలు, నరహత్యే. చావు వస్తుందని వాడు అనుకున్నాడా లేదా అని అడగరు.

మన దగ్గర అట్లా కాదు. 1837 నాటి ముసాయిదాలోనే మెకాలే కమిషన్ దీన్ని కాదంది. జేబుదొంగ చెయ్యి పెట్టిన జేబులో పిస్తోలు ఉండి, అది పేలి మనిషి పోతే, ఆ దొంగకు మిగతా జేబుదొంగల కంటే ఎక్కువ సజా ఎందుకని అడిగింది. 1860 శిక్షాస్మృతి 299వ దఫాలో ఒక మిసాల్ ఉంది: ఒకడు కోడిని కాల్చి దొంగిలించాలని తుపాకీ పేల్చాడు, పొద వెనక మనిషి ఉన్నాడని వాడికి తెలియదు, ఆ మనిషి చచ్చిపోయాడు. చేసింది గలత్ పనే, కానీ నరహత్య కాదు. ఇప్పటి న్యాయ సంహిత 100వ దఫాలోనూ అదే కోడి.

తీగ పెట్టినవాళ్లు ఈ మిసాల్ చూసి ఖుష్ కావద్దు. పొద వెనక మనిషి సంగతి వాడికి తెలియదు. చేను గట్టు మీద రాత్రి మోటరు కోసం, నీళ్లు మళ్లించడానికి మనుషులు నడుస్తారని ఊర్లో తెలియనివాళ్లు ఎవరు? అదాలత్ వెతికేది ఆ ఇల్మ్‌నే. చావు రావచ్చని తెలిసే చేశాడని సాబిత్ అయితే 105వ దఫా, పదేళ్ల దాకా ఖైదు. ఉత్త లాపర్వాహీ అయితే 106, అయిదేళ్ల దాకా. పాత 304ఎ కింద ఇది రెండేళ్లే. ఆ దఫా కూడా 1870లో గానీ రాలేదు. "అనుకోకుండా జరిగింది సాబ్" అనే మాట కూడా నిలవదు. ఆ మాఫీ జాయజ్ పని చేస్తున్నవాళ్లకే. కరెంటు చోరీ జాయజ్ పని కాదు.

"నా చేనులోకి వాడెందుకొచ్చాడు" అంటారు కొందరు. బిహార్‌లో చెరుబిన్ గ్రెగరీ అదే అన్నాడు. పక్కింటామె తన పాయఖానా వాడుకోకుండా దారిలో కరెంటు తీగ కట్టాడు, ఆమె తగిలి చనిపోయింది. ఇజాజత్ లేకుండా వచ్చినా మనిషి ప్రాణానికి హక్కు పోదని 1963లో సుప్రీంకోర్టు సజా ఖాయం చేసింది. హనఫీ ఫిఖ్‌లో దారిలో బావి తవ్వితే ఒకరు పడి చనిపోవడాన్ని ఖత్ల్ బిస్సబబ్ అంటారు, తవ్వినవాళ్ల వైపు నుంచి దియత్ కట్టాలి. మన బుజుర్గులకు తీగ సంగతి ఆ బావితో చెబితే తొందరగా సమజ్ అవుతుంది.

పంట పోయిన రైతు దర్ద్ చిన్నదేం కాదు. అయినా మౌత్ జరిగిన ఇంట్లోవాళ్లు ఎఫ్ఐఆర్ కాపీ ముఫ్త్‌గా తీసుకుని ఏ దఫా రాశారో చూడాలి. 106 అయితే జమానత్ దానికదే హక్కు, 105 అయితే కాదు. ఆ గట్టు మీద రోజూ ఎవరెవరు నడుస్తారో, తీగ సంగతి ఎవరెవరు ముందే చెప్పి మనా చేశారో, ఆ గవాహీ మొదటి రోజే పోలీసు కాగితాల మీదికి ఎక్కించాలి.