వేగం కొన్నాను, గాలిని మరిచాను

నెలనెలా ఇంకాస్త ఎక్కువ కట్టి పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ తీసుకుంటే ఇంట్లో స్మార్ట్ పరికరాలన్నీ సవ్యంగా పనిచేస్తాయని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకానికి ఇబ్బంది పడింది మాత్రం గుంటూరులో ఒక్కతే ఉంటున్న మా అమ్మ. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. బోరు మోటారు స్టార్టర్ పెరటి గోడకు ఉంటుంది. తెల్లవారుజామున మెట్లు దిగి, చీకట్లో తడి నేల మీద నడిచి దాన్ని వేయాలి. నా ఉద్యోగం బెంగళూరులో. ఒక సెలవుల్లో వెళ్లినప్పుడు మోటారుకి వైఫై స్విచ్, వీధి గుమ్మం దగ్గర కెమెరా, మెట్ల మీద, వరండాలో స్మార్ట్ బల్బులు పెట్టించి వచ్చాను. ఇక అమ్మ మంచం మీద నుంచే మోటారు వేసుకుంటుందని తృప్తిపడ్డాను.

కొన్నాళ్లకే ఫోన్లు మొదలయ్యాయి. "మోటారు మళ్లీ పలకట్లేదే అమ్మాయ్" అనేది. యాప్‌లో చూస్తే ఆఫ్‌లైన్. కాసేపటికి దానంతటదే వచ్చేది, మళ్లీ పోయేది. ఒకసారి మోటారు వేశాక నెట్ పోయింది. ఆపడానికి వీల్లేక ట్యాంకు పొంగిపొర్లింది. "నువ్వే ఏదో నొక్కి ఉంటావమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆమె ఏదీ నొక్కలేదు.

అప్పుడే 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కి పెంచాను. ఏమీ మారలేదు. ఎందుకు మారుతుంది? ఆన్, ఆఫ్, బతికే ఉన్నాను అని చెప్పడానికి ఆ స్విచ్‌కి కావాల్సింది కొద్ది బైట్లు. పాత ప్లానే దానికి ఎక్కువ. మనం డబ్బిచ్చి కొనే వేగం ఫైబర్ తీగ వెంట రౌటర్ దాకా వచ్చి అక్కడితో ఆగిపోతుంది. రౌటర్ నుంచి స్విచ్ దాకా ఉన్నది గాలి. అది ఏ ప్లాన్‌లోనూ రాదు, పైగా ఇరుగుపొరుగుతో పంచుకోవాలి.

చవకలో దొరికే ప్లగ్గులు, బల్బులు, స్విచ్‌లలో ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ మీదే పనిచేస్తాయి. మన దేశంలో ఈ బ్యాండ్‌ను 2005లో లైసెన్సు అవసరం లేకుండా అందరికీ వదిలారు. మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. మన వైఫై, పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ నుంచి కారే తరంగాలు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. రౌటర్‌లో 13 ఛానెళ్లు కనిపిస్తాయి గానీ వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కోటి ఆక్రమించేది 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా సాధారణంగా వాడేవి 1, 6, 11, ఆ మూడే. నేను వేగం వస్తుందని వెడల్పును 40కి పెంచి ఉంచాను. ఆ పనితో ఉన్న కాస్త బ్యాండ్‌లో దాదాపు సగం నేనే ఆక్రమించి, చుట్టుపక్కల అందరి వైఫైలతోనూ ఢీకొన్నాను.

గాలిని ఇలా పంచుకోవడంలోని చిక్కు కొత్తది కాదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌ను నడిపింది. వేర్వేరు దీవుల్లోని టెర్మినళ్లు ఒకే ఛానెల్‌ను పంచుకునేవి. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ పాడయ్యేవి, కాసేపాగి మళ్లీ పంపాల్సివచ్చేది. వైఫైలో దానికి ఒక మర్యాద తోడైంది: ముందు విను, ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడు. ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరిదే మాట. దూరాన సిగ్నల్ సరిగా అందని పరికరం నెమ్మదిగా మాట్లాడుతుంది, 1 ఎంబీపీఎస్ దాకా కూడా దిగిపోతుంది. అది ముగించేదాకా మిగతావన్నీ ఆగాలి. పెరట్లో నీరసపడ్డ ఒక్క స్విచ్ ముందుగదిలోని టీవీని కూడా ఆలస్యం చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఈసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో సిగ్నల్ బలం చూపించే యాప్ పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఈ బలాన్ని మైనస్ డీబీఎంలలో చెబుతారు. మైనస్ 67 దాకా ఉంటే నిశ్చింత, మైనస్ 80 దాటితే కష్టం. 10 తగ్గినప్పుడల్లా బలం పదో వంతవుతుంది. రౌటర్ దగ్గర మైనస్ 40 చూపించిన ఫోన్, పెరట్లో స్టార్టర్ దగ్గర మైనస్ 82 చూపించింది. కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. రౌటర్ టీవీ వెనక అరలో ఉంది. దాని వెనక గోడకు ఆనించి ఇనుప బీరువా. ఆ తర్వాత రెండు గోడలు. అన్నిటికన్నా ఘోరం, వైఫై స్విచ్ ఇనుప స్టార్టర్ పెట్టెలోపల ఉంది. "లోపల అయితే వాన తగలదు" అని ఎలక్ట్రీషియన్ అంటే సరేనన్నది నేనే. ఇనుప పెట్టెలో పెట్టి మూతేస్తే రేడియోకి ఊపిరాడదు.

మధ్యలో ఒక రిపీటర్ కూడా కొన్నాను. అది విన్నమాటనే అదే ఛానెల్ మీద మళ్లీ చెబుతుంది కాబట్టి గాలిలో రద్దీ రెట్టింపైంది. పెద్ద యాంటెన్నాల రౌటర్ తెద్దామనీ అనుకున్నాను. కానీ రౌటర్ మాట స్విచ్‌కి వినిపిస్తే సరిపోదు, చిన్న యాంటెన్నా ఉన్న స్విచ్ మాట రౌటర్‌కి వినిపించాలి. దగ్గరికి వెళ్లడం తప్ప దానికి మందు లేదు.

అందుకే వెనక వరండాదాకా క్యాట్6 కేబుల్ లాగించి, అక్కడ ఒక యాక్సెస్ పాయింట్ పెట్టించాను. దానికి ఛానెల్ 11, ముందుగది రౌటర్‌కి 1, రెండిటికీ వెడల్పు 20. స్విచ్‌ను వాన తగలని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్పించాను. మోటారు కరెంటును ఆ చిన్న స్విచ్ మోయదు. అది ఆ కరెంటును మోసే కాంటాక్టర్‌ను మాత్రమే కదిలిస్తుంది. కదలని వస్తువులైన టీవీకీ, కెమెరాకీ తీగ ఇచ్చాను. రోజంతా వీడియో పంపే కెమెరా గాలి నుంచి తప్పుకోవడంతో చాలా హాయి అయింది. రౌటర్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ చిన్న యూపీఎస్‌లు కూడా పెట్టాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ లేచేలోపే వెతికి వెతికి అలసిపోయే పరికరాలు ఉంటాయి.

ఇంకో తప్పు చెప్పాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను లక్షల్లో లోబరుచుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసిన సంగతి చదివి భయపడి, బెంగళూరు నుంచే అమ్మ ఇంటి వైఫై పాస్‌వర్డు మార్చేశాను. ఇంట్లో పరికరాలన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. మళ్లీ కలపడం అమ్మ వల్ల కాలేదు, నేను వెళ్లేదాకా ఆమె చీకట్లో మెట్లు దిగింది. మార్చాల్సింది కెమెరా సొంత పాస్‌వర్డు. కొత్త రౌటర్ పెట్టినా పాత పేరు, పాత పాస్‌వర్డు అలాగే ఉంచితే చాలావరకు పరికరాలు వాటంతటవే కలుస్తాయి.

పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇవన్నీ బిగించి ఊరు వదిలి వచ్చే పిల్లలకు నా విన్నపం ఇది. కొనే ముందు ఆ వస్తువు పెట్టబోయే చోట నిలబడి ఫోన్‌లో సిగ్నల్ చూడండి. మోటారుకైతే, నెట్ పోయినా దానంతటదే ఆగిపోయేలా టైమర్ స్విచ్‌లోనే ఉన్నదాన్ని తీసుకోండి. గోడ మీద చేత్తో వేసే స్విచ్‌ను మాత్రం పీకించకండి. నెట్ లేని రోజున కూడా ఇంట్లోకి నీళ్లు రావాలి.