బండి కడిగే పని మన ఇంటిదే

పాస్టరు కారు కడగడం గురించి వ్రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చును. ఒకప్పుడు మన సంఘములలో సైకిలు ఉన్న ఇల్లే కలిగిన ఇల్లు. ఈ దినములలో క్వారీ పనికి పోయే యువకులు, ఉపాధ్యాయులు, కౌలు రైతులు కూడా అప్పో సప్పో చేసి పాత కారు కొనుక్కుంటున్నారు. కొనేటప్పుడు సలహా చెప్పేవారు పదిమంది ఉంటారు. కొన్న తరువాత దానిని కాపాడుకొనే విధము చెప్పేవారు అరుదు. మేము ఏడేండ్లుగా ఒక పాత మారుతి 800ను మా ఇంటి ముందరే కడుగుకొంటున్నాము. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయినది గనుక ఉన్నదానిని జాగ్రత్త చేసుకోక తప్పదు. మాకు తెలిసినది మీతో పంచుకొంటాము.

చీమకుర్తిలో కారు పెట్టుకొన్నవారికి మొదటి శత్రువు దుమ్ము. మా ఊరి నల్లరాతిని లోకమంతా బ్లాక్ గెలాక్సీ అని పిలుస్తుంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరుస్తూ ఉంటాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజము. వ్యాపారములో దీనికి గ్రానైట్ అని పేరు గాని, భూగర్భ శాస్త్రము తెలిసినవారు దీనిని గాబ్రో జాతి రాయి అంటారు. రామతీర్థము గనులనుండి దిమ్మెలు ఎక్కించుకొన్న లారీలు రోడ్డున పోతూ ఉంటే లేచిన దుమ్ము ఇంటి కప్పుల మీద, వేపాకుల మీద, బండ్ల మీద పరచుకొంటుంది. రాత్రి తుడిచిన బండి మీద తెల్లవారేసరికి వ్రేలితో పేరు వ్రాయవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. లేవగానే ఒక పాత గుడ్డ తీసుకొని పొడిగా తుడిచేస్తారు. ఆ రాతిలోని ఖనిజములు గాజును గీయగలిగినంత గట్టివి. కొత్త కార్లకు రంగు మీద పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది. దాని మందము సుమారు 40 నుండి 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. ఆ పూత మీద రాతిపొడిని గుడ్డతో రుద్దితే గరుకు కాగితముతో రుద్దినట్లే. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడు వంటి సన్నని గీతలు కనబడేది అందువలననే. పాత బండ్లలో కొన్నింటికి ఈ పై పూత ఉండదు. పాలిష్ గుడ్డకు బండి రంగు అంటుకొంటే పూత లేదని గుర్తు. అటువంటి బండికి పాలిష్ తరచుగా పెట్టరాదు.

ఇక కడిగే విధానము చెప్పుకొందాము. ఎండలో కడగవద్దు. రేకు వేడిగా ఉంటే సబ్బునీళ్ళు అక్కడికక్కడే ఎండి మరకలవుతాయి. ప్రొద్దున్నే గాని, సాయంత్రము నీడ పడిన తరువాత గాని మొదలుపెట్టాలి. మొదట మగ్గుతో పైనుండి క్రిందికి నీళ్ళు పోసి, ముట్టుకోకుండా దుమ్ము జారిపోనివ్వాలి. ఈ ఒక్క పనికే సగము నీళ్ళు పోయినా నష్టము లేదు. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కార్ల షాంపూ కలిపిన నీళ్ళు, రెండవదానిలో మంచినీళ్ళు. మెత్తని గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి ఒక పలక తుడిచి, మంచినీళ్ళలో జాడించి పిండి, మరల సబ్బునీళ్ళలో ముంచాలి. అప్పుడు దుమ్ము రెండవ బకెట్టు అడుగున మిగులుతుంది, మరల రంగు మీదికి రాదు. పైకప్పు, అద్దములు, బానెట్టు, తలుపులు, చివరకు చక్రములు. చక్రములకు వేరే గుడ్డ. బట్టల డిటర్జెంటు వాడవద్దు. అది మురికితోపాటు వ్యాక్సును కూడా తీసివేస్తుంది.

నీళ్ళ మాట కూడా చెప్పాలి. మేము పైపు క్రింద 15 లీటర్ల బకెట్టు పెట్టి చూశాము. ఒక్క నిమిషములో నిండినది. పైపు విప్పి ఇరవై నిమిషములు కడిగితే 300 లీటర్లు పోయినట్టే. మూడు బకెట్లతో కడిగితే 45 లీటర్లు. వేసవిలో మన స్త్రీలు ట్యాంకరు కోసము బిందెలు వరుసగా పెట్టుకొని నిలబడే వీధిలో, ఒక ఇంటి ముందర పైపు నీళ్ళు కాలువ కట్టి పారుతూ ఉంటే చూచేవారి మనస్సు ఎట్లుండును? ఏప్రిల్, మే నెలలలో మేము తడిగుడ్డతో అద్దములు, దీపములు, నంబరు పలక మాత్రమే శుభ్రము చేస్తాము. బండి మురికిగా కనబడినా ఫరవాలేదు.

మన ప్రకాశం జిల్లాలో అనేక గ్రామములలో బోరునీరు గట్టి నీరు. దానిలో కరిగియున్న కాల్షియం, మెగ్నీషియం లవణములు నీరు ఆవిరైనప్పుడు తెల్లని చుక్కలై అద్దము మీద మిగిలిపోతాయి. అందుచేత కడిగిన వెంటనే పొడి మైక్రోఫైబరు గుడ్డతో అద్దితే సరి, గాలికి ఆరనివ్వవద్దు. ప్లాంటులో కొనుక్కొనే త్రాగునీరు రెండు లీటర్లు ఉంటే కడపటి సారి దానితో తడిపి తుడిచిన యెడల చుక్కలు పడవు. పాతబడిన చుక్కలకు వెనిగరులో అంతే నీళ్ళు కలిపి, అద్దము మీద గుడ్డతో అద్ది, ఒక నిమిషము తరువాత బాగా కడిగివేయాలి. వైపరు నీళ్ళ డబ్బాలో కూడా బోరునీరు పోయవద్దు. చిమ్మే రంధ్రము ఉప్పుతో పూడిపోయి, లారీ వెనుక పోతూ ఉన్నప్పుడు అక్కరకు రాదు.

లోపలి శుభ్రత ఇంకా ముఖ్యము. మా సంఘములో ఒక సహోదరుడు చాలాకాలము రాళ్ళు కోసే మిల్లులో పనిచేశాడు. దగ్గుతో బాధపడుతూ ఉంటే ఒంగోలు ఆసుపత్రికి మా బండిలోనే తీసుకొని వెళ్ళేవారము. ఒకనాడు ఎక్కబోయే ముందు మా అబ్బాయి సీటును చేత్తో టపటప దులిపాడు. ఆ మనిషి తలుపు పట్టుకొని వంగిపోయి, దగ్గు ఆగేదాకా ఎక్కలేకపోయాడు. "మిల్లులో నీళ్ళు పోస్తూ కోసిననాడు ఇంత బాధ ఉండేది కాదు అయ్యగారూ. పొడిగా కోసిన పనే నన్ను ఇట్లా చేసింది" అన్నాడు. అప్పటినుండి మా బండిలో చీపురు లేదు. సీట్లు, డాష్‌బోర్డు తడిగుడ్డతో అద్ది తీస్తాము. మ్యాట్లు బయటికి తీసి, గాలివాటు చూచి, ఇంటికి దూరముగా నీళ్ళతో కడుగుతాము. ఏసీకి క్యాబిన్ ఫిల్టరు ఉన్న బండ్లవారు దానిని తీసి చూడండి. మా ప్రాంతములో అది కంపెనీవారు చెప్పిన గడువుకంటె ముందే పూడిపోతుంది. ఇంజను ఎయిర్ ఫిల్టరు సంగతి కూడా అంతే.

కోత కాలములో మన విశ్వాసులు ప్రేమతో ఎండుమిరపకాయలు ఇస్తారు. డిక్కీలో సంచి చిట్లితే ఆ ఘాటు వారము దినములు ఉంటుంది. దానిని చేత్తో ఎత్తి కన్ను నలుపుకొంటే చెప్పనక్కరలేదు. మిరప మంట నీళ్ళకు కరగదు, నూనెకు కరుగుతుంది. చేతులకు ముందు కొంచెము వంటనూనె రాసుకొని, తరువాత సబ్బుతో కడుగుకోండి. సీట్లకు పట్టిన పత్తి పింజలను తడి చేయి తిప్పి ఉండచుట్టి తీయవచ్చు.

మన జిల్లాకు అక్టోబరు, నవంబరు నెలల వానలు, తుపానులు ముఖ్యమైనవి. అవి రాకముందే తలుపుల అడుగున ఉండే చిన్న రంధ్రములను కొబ్బరి ఈనెతో పొడిచి తెరవండి. అవి మూసుకొంటే నీరు లోపలే నిలిచి రేకు తుప్పుపడుతుంది. వైపర్ల క్రింద చేరిన వేపాకులు ఏరివేయండి. పలుచగా ఒకసారి వ్యాక్సు పెట్టండి. పక్షుల రెట్ట పడితే ఆ దినమే తడిపి తీయండి, ఆలస్యమైతే రంగును తినివేస్తుంది. టైరు మెరుపుకు రాసే నూనెను స్టీరింగుకు, పెడళ్ళకు తగలనివ్వకండి. జారితే ప్రాణము మీదికి వచ్చును.

ఒక సంగతి చెప్పి ముగిస్తాము. సంఘ పెద్ద ఒకరు మమ్మును చూచి, "అయ్యగారూ, మీరు బకెట్టు పట్టుకొంటే మాకు నామోషీ. శనివారం మా మనుమడిని పంపిస్తాను" అన్నారు. ఆయన ప్రేమ మాకు తెలియును. ఆయన తొమ్మిదవ ఏట ఒక ఆసామి ఇంట జీతానికి కుదిరి, ఎడ్లను, బండిని కడిగి పెరిగినవాడు. అయితే ఆ మాట విన్న ఆయన కోడలు మా ఇంటికి వచ్చినది. రాళ్ళ పనికి పోయి బిడ్డలను చదివించుకొంటున్న తల్లి ఆమె. "అమ్మగారూ, మా మామయ్య కడిగాడు, మా ఆయన కడిగాడు. నా కొడుకు ఇంకొకరి బండి కడగకూడదు" అని చెప్పి వెళ్ళినది. కోపము లేదు, కన్నీళ్ళు లేవు, మాట ఖచ్చితముగా ఉన్నది.

ఆమె మాట న్యాయమే. పెద్దాయనకు కూడా ఆ సంగతే నచ్చచెప్పాము. మురికి పని నీచమైనదని మేము అనుకోము. అనుకొంటే మేమే ఎందుకు చేస్తాము? కాని ఒకరి మురికి ఎప్పుడూ మరొకరి బిడ్డే కడగాలనుట మన పితరులు తరతరములుగా మోసిన బరువు. సంఘములో అది మరియొక రూపములో రాకూడదు. కూలి ఇచ్చి సర్వీసింగుకు ఇచ్చుట వేరు, అది ఒకరి జీవనోపాధి. భక్తి పేరుతో ఊరకే చేయించుకొనుట వేరు.

కారు కొనుక్కొన్న సోదరులారా, వారమునకు ముప్పావుగంట చాలును. మీ కుమారులను, కుమార్తెలను ఇద్దరినీ పక్కన నిలుపుకొని నేర్పించండి. ఇంటిల్లిపాది ఎక్కే బండిని ఇంటిల్లిపాది కడగడములో నామోషీ ఏమున్నది?