తాళమే వేశాను

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు సంగారెడ్డిలోని మా కళాశాల లినక్స్ యంత్రం అప్పగించినప్పుడు, ఇదీ ఒక హాజరుపట్టీయే కదా అనుకున్నాను. నిజమే. 'పాస్‌వర్డ్' దస్త్రంలో మనిషికొక పంక్తి; పంక్తికి ఏడు గడులు. వాటిలో పేరు, సంఖ్య, గృహస్థానం ఉంటాయి. రహస్యపదం మాత్రం ఉండదు. ఆ గడిలో 'ఎక్స్' గుర్తొక్కటే. దాని ఛాయ 'షాడో' అనే వేరొక దస్త్రంలో ఉంటుంది. ఛాయనుండి పదాన్ని వెనుకకు రాబట్టలేము. 1979లో మోరిస్, థాంప్సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించిన మర్మమిదే.

నిరుడు ఒక విద్యార్థి, తండ్రి మంచాన పడగా, చదువు విడిచి పటాన్‌చెరు కార్ఖానాలో రాత్రి షిఫ్టుకు కుదిరాడు. మానివేసినవారి ప్రవేశం నిలిపివేయమని జాబితా వచ్చింది. 'యూజర్‌డెల్' ఆజ్ఞకు 'ఆర్' చేర్చితే పంక్తితోపాటు అతని గృహస్థానంలోని దస్త్రాలన్నీ నశిస్తాయి. నానమ్మ నోట విని అతడు కూర్చుతున్న ఉర్దూ-తెలుగు పదకోశం అందులోనే ఉంది. ఒకనాడు నాకు చూపించాడు.

నా వ్రేళ్ళు ఆగిపోయాయి. నిలిపివేయడం వేరు, చెరిపివేయడం వేరు. 'యూజర్‌మాడ్'కు పెద్ద 'ఎల్' చేర్చాను. షాడోలో అతని ఛాయకు ముందు ఒక ఆశ్చర్యార్థకం నిలిచింది. తాళం పడింది, ఇల్లు చెక్కుచెదరలేదు.

ఈ ఏడు అతడు తిరిగి చేరాడు. పెద్ద 'యు'తో ఆ గుర్తు తొలగించాను.

"సార్, పాత పాస్‌వర్డ్ మరిచిపోయాను. మీరు చూసి చెప్పరా?"

"అది నాకూ కనబడదు బేటా. కొత్తది పెట్టుకో."

పదకోశం తెరిచాడు. ఆగిన మాట దగ్గరనుండే మొదలుపెట్టాడు.