అమరావతి ఎక్కితే అంజునా

మోటారు వైండింగ్ షాపులో పాట పెట్టుకొని కూర్చుంటే, వచ్చిన రైతు మొదట అడిగేది తన మోటరు సంగతి కాదు. "ఏందప్పా, లోపల దేనికో బేరింగు పోయినట్లుంది, చూసుకోవా?" అంటాడు. బేరింగు కాదు పెద్దాయనా, పాట, అని నేనంటే కాసేపు చెవి ఒగ్గి వింటాడు. "మరి పాడేటోడు ఎప్పుడొస్తాడు?" అని రెండో ప్రశ్న. రాడు. వాడు రాకూడదనే ఈ పాట పుట్టింది.

మీరూ అదే అడుగుతారని తెలిసి ముందే చెప్పేస్తున్నా. దీన్ని గోవా ట్రాన్స్ అంటారు. నిమిషానికి నూట నలభై, నూట యాభై దెబ్బలు. ఒక్కో పాట ఏడెనిమిది నిమిషాలు, ఒక్కోసారి పది. జూపాడు బంగ్లాలో దీనికి అభిమానిని నేనొక్కణ్ణే అనుకుంటా. ఇంకెవరైనా ఉంటే షాపుకు రండి, టీ నాది.

పాడేటోణ్ణి ఎవరు తీసేశారో చెప్తా. 1961లో పోర్చుగీసువాళ్లు గోవా వదిలి పోయారు. ఆ దశాబ్దం చివర్లో హిప్పీలు వచ్చి అంజునా ఊరి బీచ్‌లో మకాం పెట్టారు. మొదట్లో వాళ్లది గిటార్లు, రాక్ సంగీతమే. ఎనభైల్లో కొందరు డీజేలకు ఆ పాటలు విసుగొచ్చి యూరప్ నుంచి ఎలక్ట్రానిక్ సంగీతం తెప్పించుకున్నారు. వాళ్లలో లోరాఁ అనే ఫ్రెంచి ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆ రికార్డుల్లోనూ ఎవడో ఒకడు ప్రేమ గురించి పాడుతూ ఉండేవాడు. అర్ధరాత్రి మూడింటికి వళ్లు మరిచి ఆడేవాడికి ఇంకొకడి ప్రేమ గోల ఎందుకు? అందుకని గొంతు వినబడే చోటల్లా టేపు వదిలేసి, వాయిద్యం మాత్రమే ఉన్న ముక్కల్ని వరసగా ఇంకో క్యాసెట్లోకి ఎక్కించుకున్నారు. ఏళ్ల తరబడి అట్ల చేసి చేసి, చివరికి తొంభైల మొదట్లో గొంతే లేకుండా ఈ ఆటకోసమే పాటలు కట్టేవాళ్లు తయారయ్యారు. పూర్తిగా మాటల్లేవని కాదు లెండి. పాత ఇంగ్లీషు సినిమాల్లోంచి అంతరిక్షం గురించో, గ్రహాంతరవాసుల గురించో ఒక డైలాగు దొంగిలించి మధ్యలో పెడతారు. అదొక సరదా.

నాకెట్లా అంటుకుందంటారా? మన నంద్యాల మీదుగా పోయే పట్టాలు ఉన్నాయే, అవి నేరుగా గోవాకే పోతాయి. నూరేళ్లకు పైబడిన దారి అది. బెజవాడ నుంచి నంద్యాల, గుంతకల్లు, బళ్లారి, హుబ్లీ దాటి, క్యాజిల్ రాక్ దగ్గర కనుమ దిగి మర్మగోవా రేవు దాకా వేసిన మీటరుగేజి. ఇప్పుడు పెద్ద గేజి అయింది. అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాలలో ఎక్కితే వాస్కోలో దిగొచ్చు, దారిలో దూద్‌సాగర్ జలపాతం చూడొచ్చు. మన జిల్లాల మనుషులు ఆ దారిన కూలికి, మేస్త్రీ పనికి పోవడం ఇవాళ కొత్త కాదు. వాస్కోలో తెలుగు వినపడని వీధి అరుదు. కుర్రతనంలో నేనూ వైరింగు పనికే పోయినా. ఒక రాత్రి వగాటర్ కొండ కింద ఏదో ఆట ఉంది, జనరేటరు చూసుకోవడానికి మనిషి కావాలి అన్నారు. పోయినా. డీజిల్ తగ్గకుండా చూడ్డం, లోడు ఎక్కువైతే చెప్పడం, అంతే నా పని. అందరూ ఆడేవైపు చూస్తుంటే నేను జనరేటరు పక్కన కూర్చొని విన్నా. తాగలేదు, ఆడలేదు, నిద్రా పోలేదు. అందుకే నాకు సంగీతం ఒక్కటే గుర్తుంది.

ఇంకోటి గుర్తుంది, టీ. ఈ గోవా గురించి రాసేవాళ్లు డీజేల పేర్లన్నీ రాస్తారు గానీ చాపలు పరిచిన ఆడవాళ్లని ఒక ముక్కలో దాటేస్తారు. ఊళ్లోని కొంకణి ఇల్లాళ్లు సాయంత్రమే వచ్చి ఇసుకలో చాపలు పరిచేవాళ్లు. ఒక్కో చాపకు ఒక కిరసనాయిలు దీపం, ఒక స్టవ్వు, టీ గిన్నె, గుడ్లు, కేకు ముక్కలు. ఆడి అలిసినవాడు వచ్చి ఆ చాప మీద పడుకునేవాడు. ఎవడి చాప వాడికి ఉండేది, ఒకే అక్క దగ్గరికి రోజూ పోయేవాడు. చలికి వణికే తెల్లోడి మీద దుప్పటి కప్పేదీ, మతి చెడినవాడికి నీళ్లు తాపేదీ ఆమే. డీజేకు డబ్బు వచ్చిందో లేదో గానీ ఆ సీజనులో ఈ చాపల మీద ఎన్ని ఇళ్లు గడిచాయో. నన్నడిగితే ఆ రాత్రులు నిలబడింది రెండింటి మీద. ఒకటి జనరేటరు, రెండు ఆ చాపలు. జనరేటరు సంగతి నా సొంత డబ్బా అనుకున్నా సరే.

మీకు అసలు అడగాలనున్న ప్రశ్న నాకు తెలుసు. మత్తుమందుల సంగతి. ఉండేవి, దాచేదేముంది. వాటితోనే పాడైపోయినవాళ్లూ ఉన్నారు. అవి లేకపోతే ఈ సంగీతం అర్థం కాదనేవాళ్లతో మాత్రం నాకు పడదు. టీ తాగి విన్నవాణ్ణి, ఇన్నేళ్లుగా వింటున్నా, నాకేం తక్కువైంది? మన సినిమావాళ్లతోనూ నాకు పేచీయే. గోవా అంటే చేతిలో బీరు సీసా, ఒక విలను, రెండు పాటలు. మన కుర్రాళ్లు అది చూసి పోయి, కలంగూట్‌లో మూడు రోజులు తాగి, ఫోటోలు దిగి వస్తారు. పక్కన పది కిలోమీటర్ల లోపలున్న అంజునాలో ఏం పుట్టిందో ఒక్కడికీ తెలియదు.

సరే, సంగీతంలోకి వద్దాం. ఇది క్యాసెట్ల సంగీతం. ఆ ఎండకు, ఇసుకకు పెద్ద రికార్డులు వంకర్లు పోయేవి. అందుకని డీజేలు క్యాసెట్లు, తరవాత డ్యాట్ అనే చిన్న డిజిటల్ టేపులు వాడారు. 1987లో జపానువాళ్లు దించిన సరుకు అది. ఆ డ్యాట్ మిషన్లలో వేగం పెంచే తగ్గించే మీట లేదు. అంటే ఒక పాట దెబ్బ మీద ఇంకో పాట దెబ్బ కూర్చోబెట్టి కలపడం కుదరదు. ఒకటి అయిపోవాలి, ఇంకోటి మొదలవ్వాలి. అందుకే పాట కట్టేవాడు మొదట్లోనూ చివర్లోనూ డోలు లేని నిమిషాలు వదిలేవాడు, ఒకటి కరిగిపోతుంటే ఇంకోటి లేచేట్లు. వినేవాళ్లు దాన్ని ఏదో ఆధ్యాత్మికం అనుకున్నారు. సగం మిషను మహిమ. నాకు అట్లాంటివే ఇష్టం, ఇనుములో ఉన్న లోటు కళలో అందమై కూర్చోవడం.

ఇందులో గజ్జుగజ్జుమని మెలికలు తిరిగే శబ్దం ఒకటి ఉంటుంది. మా షాపులో బేరింగు అని పొరబడేది దాన్నే. అది రోలాండ్ కంపెనీ 1981లో తెచ్చిన టీబీ-303 అనే వెండిరంగు డబ్బాది. బేస్ గిటారు వాయించే మనిషి దొరకనప్పుడు పనికొస్తుందని అమ్మారు. ఎవరూ సరిగ్గా కొనలేదు, మూడేళ్లకే ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికితే చికాగో కుర్రాళ్లు దాని మరలు అడ్డదిడ్డంగా తిప్పి కొత్త శబ్దం పుట్టించారు. అయితే వాళ్లకన్నా ముందే బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జీత్ సింగ్ 1982లో ఇదే డబ్బా మీద పది రాగాలు డిస్కో దెబ్బకు వాయించి రికార్డు వేశాడు. అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ వేస్తే ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. చూశారా, అంతా మనమే కనిపెట్టాం అనేవాళ్లు బయల్దేరారు. నేను ఒప్పుకోను. అంజునావాళ్లు ఆయన్ని విని మొదలుపెట్టలేదు. కానీ ఆ రికార్డులో భైరవ్, లలిత్ ఉన్నాయి. రెండూ తెల్లవారుజాము రాగాలు. అది మాత్రం నన్ను వదలదు.

ఎందుకంటే నా వాదన అంతా తెల్లవారుజాము గురించే. గోవా ట్రాన్స్ ఒక పాట కాదు, ఒక రాత్రి. కాలిఫోర్నియాలో పుట్టి 1970లో గోవా చేరి, సాధువుల దగ్గర దీక్ష తీసుకొని, 2023 అక్టోబరులో పోయిన గోవా గిల్ అనే ఆయన ఇరవైనాలుగు గంటలు ఏకబిగిన వాయించేవాడు. చీకట్లో కఠినంగా, భయపెట్టేట్టు వాయించాలి, తూర్పు తెలవారే వేళకు రాగం విప్పాలి. ఆడేవాణ్ణి రాత్రంతా నలగ్గొట్టి పొద్దున లేపి కూర్చోబెట్టాలి. పొద్దుటి పాటల్లో వచ్చే ఆ వరసలు వినండి, చాలావాటిలో మాయామాళవగౌళ ఛాయ. హిందుస్తానీవాళ్ల భైరవ్ స్వరాలే అవి, మన పిల్లలు సరళీ వరసలు మొదలుపెట్టేది దాంట్లోనే. పరాయిదని ఎందుకనుకోవాలి?

పీర్ల పండగలో గుండం తొక్కే రాత్రి మేలుకున్నవాళ్లకు ఇంకా చెప్పక్కర్లేదు. సావిడి ముందు మంట. తప్పెటకు సెగ చూపించి బిగిస్తారు, కొడతారు, చర్మం వదులైతే మళ్లీ సెగ. పదింటికి కొట్టే వరస వేరు, రెండింటికి కొట్టేది వేరు. నిప్పుల్లో దిగే ముందు కొట్టే వరస వినపడితే ఒళ్లు నాది కాదు అనిపిస్తుంది. అక్కడ పాడేటోడు ఎప్పుడొస్తాడని ఎవరైనా అడిగారా? ఫోనులో అర నిమిషం ముక్క విని తప్పెట బాగాలేదనేవాణ్ణి మా ఊళ్లో ఏమంటారో పత్రికలో రాయలేను.

ఇంత చెప్పి ఒక విడ్డూరం చెప్పకపోతే ఎట్లా. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. తెల్లవారుజాము కోసం పుట్టిన సంగీతం తన సొంతూళ్లో రాత్రి పదికల్లా నోరు మూసుకోవాలి. నా మనసు ఒప్పుకోదు గానీ, ఆ గోడ అవతల నెలల తరబడి నిద్రలేని ముసలమ్మ ఉందే, ఆమె పక్షాన ఆలోచిస్తే కోర్టుది తప్పనలేను. 2007లో కాండోలిమ్‌లో మొదలైన సన్‌బర్న్ లాంటి పెద్ద టిక్కెట్ల పండగల మీద మాత్రం నాకు జాలి లేదు. అక్కడ జనమంతా వేదిక మీద మనిషివైపు తిరిగి ఫోన్లెత్తి నిలబడతారు. పాత రాత్రుల్లో డీజే ఎక్కడున్నాడో కూడా సగం మందికి తెలిసేది కాదు.

ఊరు వదిలిన సంగీతం ఊళ్లు పట్టుకుంది. పోర్చుగల్‌లో బూమ్, హంగరీలో ఓజోరా. బెల్జియంలో సన్‌ట్రిప్ అనే చిన్న కంపెనీ 2004 నుంచి పాత పద్ధతి పాటలే వేస్తోంది. వినదలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలంటే, హాలూసినోజెన్ 'ట్విస్టెడ్', 1995. దాని తరవాత 1997 నాటివి రెండు, ఆస్ట్రల్ ప్రొజెక్షన్ 'డ్యాన్సింగ్ గెలాక్సీ', ప్లీయేడియన్స్ వాళ్ల 'ఐ.ఎఫ్.ఓ.'. అంత ఓపిక లేకపోతే మేట్రిక్స్ రెండో సినిమా చూసుంటారు కదా, దానికి సంగీతంలో చెయ్యేసిన జూనో రియాక్టర్ ఈ గుంపువాడే. సాయంత్రం వినొద్దు. రాత్రి మోటరుకు కరెంటు వచ్చే వేళకు పొలంలో మేలుకొని ఉంటారే, అప్పుడు వినండి.

ఇప్పుడు నా తలనొప్పి ఒకటుంది. మా అక్క కొడుకు బెంగళూరులో ఉద్యోగం, రాత్రుళ్లు ల్యాప్‌టాప్‌లో ట్రాన్స్ కడతాడు. పోయిన పీర్ల పండక్కి వచ్చి తప్పెట ఫోనులో రికార్డు చేసుకున్నాడు. "మామా, దీన్ని కింద వేసి పైన 303 తిప్పితే ఎట్లుంటాదో చూడు" అన్నాడు. బాగానే ఉంది, దాయడమెందుకు. తప్పెట కొట్టినాయనకు వినిపించినాం. ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి, "శబ్దం నాది, పేరు ఎవరిది వేస్తాండారు? డబ్బులొస్తే నాకెంత?" అన్నాడు. దీనికి వాడి దగ్గర జవాబు లేదు. ముందు ఆయనతో లెక్క తేల్చుకో, పాట మీద పేరు వెయ్యి, ఆ తరవాతే బయటికి వదులు అని చెప్పినా. ఒప్పుకున్నాడు. నాది ఇంకో షరతు, పాట తొమ్మిది నిమిషాలకు తగ్గకూడదు, మొదటి నిమిషంలో డోలు పడకూడదు. వాడు మూడున్నర అంటాండు, అంతకుమించితే ఎవరూ వినరంట. నేను ఎనిమిదికి దిగినా. వాడు నాలుగుకు వచ్చినాడు.