రహీం సాహెబు

హైదరాబాదులో ఆబిడ్సు నుండి బషీరుబాగు వైపు పోవువారికి దారిలో గన్‌ఫౌండ్రీ తగులును. ఫ్రెంచి సేనాని రేమండు నిజాము సైన్యము కొఱకు 1786లో ఫిరంగులు పోతపోయించిన తావు అది. దాని చెంతనే ఫతే మైదానము కలదు. 1967లో దానికి లాల్‌బహదూరు స్టేడియమని పేరు పెట్టిరి. ఫిరంగుల పోత ఏనాడో ఆగిపోయెను గాని, ఈ నగరముననే ఒక బడిపంతులు ఆటగాండ్రను పోతపోసెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులు ఆయనను రహీం సాహెబని పిలిచెడివారు.

ఆయన 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1950లో నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

ఆయన శిక్షణలో బడిపంతులు పోలిక పోలేదు. కుడికాలి వాటము గల పిల్లలు ఎడమకాలితోనే తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెడివాడు. బంతిని తనయొద్ద నిలుపుకొని విన్యాసములు చూపరాదను పోటీలు మఱికొన్ని. చప్పట్లకై ఉవ్విళ్ళూరు పిల్లవానికి ఇది ఎంత కష్టము! బంతిని తోడివానికి అందించుట మాత్రము దానివలననే అలవడెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణ పొందిన భారత జట్టు బంగారు పతకము గెలిచెను. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో బూట్లు లేక పలువురు ఆడిన ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గా ఓడెను. రహీం క్రుంగిపోలేదు. 1956లో మెల్బోర్న్‌లో భారతదేశము నాలుగవ స్థానము పొందెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే. 1960లో రోమునకు పోయిన జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఉండెను. తండ్రి అతనిని ఒక్క ఆటయందును దింపలేదు. ఆ రాత్రులు తండ్రీకొడుకులు ఏమి మాటలాడుకొనిరో!

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి రహీం ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. జర్నైల్ సింగు రక్షణ ఆటగాడు. అతనికి తలపై గాయమై కుట్లు పడెను. రహీం అతనిని ముందువరుసకు పంపెను. ఫైనలునకు మునుపు ఆయన తన పిల్లలను ఒక కానుక కోరెను: బంగారు పతకము.

సెప్టెంబరు 4న అదే కొరియా ఎదురుపడెను. ప్రేక్షకులలో అనేకులు భారత జట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టుకట్టిన తలతో జర్నైల్ మఱియొకటి చేసిరి. జట్టు 2-1 గా గెలిచెను.

1963 జూన్ 11న రహీం కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారు పతకము ఆ పిమ్మట భారతదేశమునకు మరల దక్కలేదు.